ఫీవర్ వార్డుకి వెళ్తున్న బుజ్జికి

బుజ్జీ,

ఒంగోలులో నీకు ఫీవర్ వార్డు డ్యూటీ వేశారని మీ అమ్మ నిన్న ఫోన్ చేసి ఒకటే టెన్షన్. ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగినదాన్ని కదా, నేను చెబితే వింటావట.

రోగి మంచం దగ్గర మనకి భయం ఉంటుంది కాబట్టి జాగ్రత్తగానే ఉంటాం. దెబ్బ తినేది డ్యూటీ అయ్యాక, ఒళ్లు హూనమై, ఎప్పుడెప్పుడు ఆ రక్షణ కిట్టు (గౌను, గ్లవ్స్, కళ్లద్దాలు, మాస్కు) విప్పేద్దామా అనిపించినప్పుడు. 2020 మార్చిలో రాష్ట్రంలో మొదటి కరోనా కేసు మన నెల్లూరులోనే బయటపడింది కదా. ఆ రోహిణి ఎండల్లో ఓ రోజు చెమట కంట్లోకి కారుతుంటే, గ్లవ్స్ చేత్తోనే కళ్లద్దాలు పైకెత్తి తుడుచుకున్నా. అయిదో రోజుకి జ్వరం. మీ పెదనాన్నకీ అంటించా. ఆ చెయ్యే కారణమని ఇప్పటికీ నా అనుమానం.

అందుకే విప్పేటప్పుడు ఎవరో ఒకరిని ఎదురుగా నిలబెట్టుకో. ముందు గ్లవ్స్, గౌను. లోపలివైపు బయటికి తిరిగేలా చుట్టి పడెయ్యి. చేతులకి శానిటైజర్. తర్వాత కళ్లద్దాలు, మళ్లీ చేతులు. మాస్కు మాత్రం ఆఖర్న, గది బయటికి వచ్చాక, వెనక రబ్బర్లు పట్టుకుని తియ్యి. ముందు భాగం ముట్టుకోవద్దు.

ఎన్95 మాస్కు పెట్టుకోగానే ముక్కు దగ్గర క్లిప్పు రెండు చేతుల వేళ్లతో నొక్కు. గట్టిగా ఊది చూడు. అంచుల్లోంచి గాలి తగిలినా, కళ్లద్దాలకి పదేపదే ఆవిరి పట్టినా మాస్కు సరిగా కూర్చోలేదనే. తడిస్తే మార్చెయ్యి, మొహమాటం వద్దు. సక్షన్ (గొంతులోని కఫం లాగెయ్యడం), ఇంట్యుబేషన్ (ఊపిరి గొట్టం వెయ్యడం) వేళ సర్జికల్ మాస్కుతో లోపలికి వెళ్లకు, డాక్టరుగారు తొందరపెట్టినా సరే. కిటికీలు తెరిపించు.

ఇక టీ రూము. మేం నలుగురం మామిడికాయ పప్పు పంచుకుంటూ, మాస్కులు గడ్డం కిందికి లాగి కబుర్లాడాం. వారం తిరక్కుండా ముగ్గురికి పాజిటివ్. అక్కడ రోగులెవరూ లేరు మరి! 2003లో కరోనా జాతిదే అయిన సార్స్ జబ్బు వచ్చినప్పుడు ప్రపంచం మొత్తమ్మీద 8 వేల పైచిలుకు కేసుల్లో ఐదో వంతు మనలాంటి ఆసుపత్రి సిబ్బందే.

ఒళ్లు వెచ్చబడితే మాత్ర మింగి డ్యూటీకి పోకు, ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పు. ఫ్లూ టీకా ఏటా వేయించుకో.

ఆదివారం వీడియో కాల్ చెయ్యి. మాస్కు పెట్టుకుని చూపించు, ఎలా కూర్చుందో చూస్తా.

మీ పెద్దమ్మ,
కందుకూరు