ఉంచుకోవాలా, ట్రేడ్ చేయాలా? ఆ రెండు పేజీల్లో ఏం రాయాలి

ప్రశ్న: విజయవాడలో బీటెక్ పూర్తిచేశాను. ఇప్పుడు అమెరికాలో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్ చదువుతున్నాను. ఒక అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఇంటర్న్‌షిప్‌కి దరఖాస్తు చేస్తే, రాసి పంపమని ఒక ప్రశ్న ఇచ్చారు: ‘మొదటి రౌండ్ డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) తీసుకున్న 23 ఏళ్ల లెఫ్ట్ ట్యాకిల్ (బంతి విసిరే ఆటగాణ్ని ఎడమవైపు కాసేవాడు) మన దగ్గర రెండు సీజన్లు ఆడాడు. మొదటిది బాగాలేదు, రెండోది ఫర్వాలేదు. ఇంకో టీమ్ రెండో రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) ఇస్తానంటోంది. ఉంచుకోవాలా, ట్రేడ్ చేయాలా? రెండు పేజీల్లో రాయండి.’ గడువు ఐదు రోజులు. నేను క్రికెట్ చూస్తూ పెరిగాను, ఈ ఆట చూడటం మొదలుపెట్టి రెండేళ్లే. ఐపీఎల్ రిటెన్షన్‌తో పోల్చి రాసిన డ్రాఫ్ట్ జత చేస్తున్నాను. ఇలా పంపవచ్చా? అసలు ఈ రంగంలో నాలాంటివాళ్లకి చోటుందా?

జవాబు: మీ డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. భాష బాగుంది, లెక్కలూ శుభ్రంగా ఉన్నాయి. కానీ చివరి వాక్యం దాకా వచ్చినా, ఆ కుర్రాణ్ని ఉంచుకోమంటున్నారో పంపేయమంటున్నారో నాకు తెలియలేదు. రెండు వైపులా మంచీ చెడూ చెప్పి ఆపేశారు. ముందు సరిదిద్దాల్సింది ఇదే. మీ నిర్ణయం మొదటి వాక్యంలో ఉండాలి. నన్నడిగితే ఉంచుకోమంటాను. మీరు చదివి, ఆలోచించి, పంపేయడమే మేలనుకుంటే అలాగే రాయండి. ఏదో ఒక వైపు నిలబడితే చాలు.

ఐపీఎల్ పోలిక మాత్రం తీసేయండి. 2024లో మెగా వేలానికి ముందు సన్‌రైజర్స్ మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు అట్టిపెట్టుకోవడం గురించి మీరు ప్రేమగా రాశారు, చదవడానికి నాకూ బాగుంది. అయితే అక్కడి పద్ధతి వేరు. ఐపీఎల్‌లో వదిలేసిన ఆటగాణ్ని వేలంలో మళ్లీ పాడుకోవచ్చు. ట్రేడ్ చేయాలంటే ఆటగాడు సరేననాలి. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో తొలి కాంట్రాక్టు మీదున్న కుర్రాణ్ని ఎవరూ అడగరు. ఫోన్ వస్తుంది, పెట్టె సర్దుకుని ఇంకో ఊరికి వెళ్లాల్సిందే.

మీ డ్రాఫ్ట్‌లో లేనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ తొలి కాంట్రాక్టే. మొదటి రౌండ్‌లో ఎంపికైన ఆటగాడికి నాలుగేళ్ల కాంట్రాక్టు ఉంటుంది. ఐదో ఏడాది కూడా అట్టిపెట్టుకునే ఆప్షన్ టీమ్ చేతిలో ఉంటుంది. ఆ ఆప్షన్ సంగతి మూడో సీజన్ ముగిశాక, మే నెల మొదట్లో తేల్చాలి. 2020లో ఆటగాళ్ల సంఘంతో కుదిరిన ఒప్పందం ప్రకారం, ఆప్షన్ వాడిన క్షణం నుంచి ఆ ఏడాది జీతం పూర్తిగా గ్యారంటీ. మీ ప్రశ్నలోని కుర్రాడు రెండు సీజన్లే ఆడాడు. అంటే ఆ పెద్ద నిర్ణయానికి ముందు ఇంకో పూర్తి సీజన్ అతన్ని చూసే వీలు టీమ్‌కి ఉంది, అదీ మార్కెట్లో ట్యాకిల్ ధర కంటే బాగా తక్కువ జీతానికి. ఇప్పుడు రెండో రౌండ్ పిక్‌కి ఇచ్చేయడమంటే కాపుకొచ్చే ముందు తోట అమ్ముకోవడమే.

దీనికి తోడు ఇంకో ఖర్చుంది. కాంట్రాక్టు కుదిరినప్పుడు ఇచ్చిన బోనస్‌ని శాలరీ క్యాప్ (టీమ్ ఇచ్చే జీతాల మీద లీగ్ పెట్టే పరిమితి) లెక్కలో నాలుగేళ్లకు సర్దుతారు. ట్రేడ్ చేస్తే, ఇంకా లెక్కలోకి రాని భాగం పాత టీమ్ ఖాతాలోనే పడుతుంది. ఆటగాడు వెళ్లిపోయినా భారం మిగులుతుంది. పైగా ఖాళీ అయిన ఆ చోట ఎవరో ఒకరు నిలబడాలి కదా. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) కుడిచేతివాడైతే అతనికి కనబడని పక్కను కాసేది లెఫ్ట్ ట్యాకిలే. ‘ఇతన్ని పంపేస్తే అక్కడ ఎవరు, ఎంతకు?’ అన్న ప్రశ్నకు మీ రెండు పేజీల్లో జవాబు లేకపోతే, చదివేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

క్వార్టర్‌బ్యాక్‌ని కాసే ఈ లైన్‌లో కుర్రాళ్లు ఆలస్యంగా ఎదగడం కొత్తేమీ కాదు. ఆండ్రూ థామస్‌ని 2020లో న్యూయార్క్ జెయింట్స్ నాలుగో పిక్‌తో తీసుకుంది. తొలి ఏడాది అతను పడ్డ తిప్పలు చూసి తప్పు చేశారన్నవాళ్లు చాలామంది. 2022లో అతను ఆల్-ప్రో (ఆ ఏడాది లీగ్‌లో మేటి ఆటగాళ్ల ఎంపిక) రెండో జట్టులో ఉన్నాడు. 2023లో అదే టీమ్ అతనికి ఐదేళ్లకు 11.75 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్టు ఇచ్చింది. జోర్డన్ మైలాటాది ఇంకా విడ్డూరం. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడుకునే కుర్రాడు, అంతకుముందు ఈ ఆట ఆడనే లేదు. 2018లో ఏడో రౌండ్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ తీసుకుంది. 2020 దాకా ఒక్క సీజన్ మ్యాచ్‌లోనూ దిగలేదు. తర్వాత అదే టీమ్‌కి లెఫ్ట్ ట్యాకిలై, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు. వెనక్కి అడుగులేస్తూ, ఎదురుగా దూసుకొచ్చే నూట ఇరవై కిలోల మనిషిని చేతులతో ఆపడం కాలేజీలో పూర్తిగా అబ్బే విద్య కాదు. అది కోచ్ దగ్గర, అద్దం ముందు, వేల సార్లు చేస్తే వస్తుంది.

నిజాయితీగా రెండో వైపు కూడా రాయాలి. రైడర్స్ 2021లో 17వ పిక్‌తో తెచ్చుకున్న అలెక్స్ లెదర్‌వుడ్‌ని ఒక్క సీజన్ తర్వాత వదిలేసింది. అందరూ థామస్‌లు కారు. అయితే ట్యాకిల్‌గా నిలబడనివాడు గార్డ్‌గా (లైన్‌లో ట్యాకిల్‌కి లోపలి పక్కన ఆడేవాడు) నిలబడవచ్చు. న్యూయార్క్ జెట్స్ 2020లో 11వ పిక్‌తో తీసుకున్న మెకై బెక్టన్ గాయాలతో సీజన్లు పోగొట్టుకుని, చివరికి 2024లో ఈగల్స్‌లో రైట్ గార్డ్‌గా ఆడి, మైలాటాతో పాటే ఆ సూపర్ బౌల్ గెలిచాడు. మీ ‘ఉంచుకోవాలి’కి ఇది గట్టి బలం: అనుకున్నది జరగకపోయినా ఈ కుర్రాడి విలువ సున్నాకి పడిపోదు.

మరి ఎప్పుడు అమ్మాలి? దీనికి లారెమీ టన్సిల్ ట్రేడ్‌ని లోతుగా చదవండి. మయామీ డాల్ఫిన్స్ 2019 ఆగస్టు చివర్లో, పాతికేళ్ల ఈ లెఫ్ట్ ట్యాకిల్‌ని ఇంకో ఆటగాడితో కలిపి హ్యూస్టన్ టెక్సన్స్‌కి పంపింది. బదులుగా ముఖ్యంగా రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్ వచ్చాయి. మయామీ అప్పుడు జట్టును పునాది నుంచి కట్టుకుంటోంది, వెంటనే గెలవాలన్న తొందర లేదు. హ్యూస్టన్‌కి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడుకోవాలన్న ఆత్రం. ఆ ఆత్రంలో కొత్త కాంట్రాక్టు కుదుర్చుకోకుండానే ట్రేడ్ చేసింది. అంత మూల్యం చెల్లించి తెచ్చుకున్నవాణ్ని వదులుకోలేరు కాబట్టి బేరం టన్సిల్ చేతిలోకి వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో మూడేళ్లకు 6.6 కోట్ల డాలర్లు రాబట్టుకున్నాడు. ఆ ఏడాది హ్యూస్టన్ 4 గెలిచి 12 ఓడిపోవడంతో, మయామీకి ఇచ్చిన 2021 పిక్ మూడో స్థానానికి చేరింది. మయామీ దాన్ని శాన్ ఫ్రాన్సిస్కోకి ఇచ్చి మూడు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్ తెచ్చుకుంది.

ఆ ధర పక్కన మీకు వచ్చిన ఒక్క రెండో రౌండ్ పిక్‌ని పెట్టి చూడండి. టన్సిల్ అప్పటికే నిరూపించుకున్నవాడు, మీవాడు ఇంకా కాదు, నిజమే. అయినా ఎంత ఇస్తే అమ్ముతారో ఆ గీత మీరే గీయండి. నేనైతే మంచి మొదటి రౌండ్ పిక్ వస్తే మళ్లీ ఆలోచిస్తానని రాస్తాను. ఏ పరిస్థితిలో మనసు మార్చుకుంటారో కూడా ఒక పేరా రాయండి: మోకాలు, చీలమండ పదేపదే గాయపడటం, టీమ్‌లో అప్పటికే ఇంకో ట్యాకిల్ సిద్ధంగా ఉండటం, లేదా ఆటగాడే వేరే చోటు కోరుకోవడం. ఓర్లాండో బ్రౌన్ జూనియర్ బాల్టిమోర్‌లో రైట్ ట్యాకిల్‌గా బాగానే ఉన్నాడు. కానీ లెఫ్ట్ ట్యాకిల్‌గా ఆడాలన్నది అతని కోరిక, చనిపోయిన తండ్రి కోరిక కూడా. 2021 ఏప్రిల్‌లో టీమ్ అతన్ని కాన్సస్ సిటీకి పంపి మొదటి రౌండ్ పిక్ సహా నాలుగు పిక్‌లు తీసుకుంది. మనిషి మనసు కూడా లెక్కలో భాగమే అని చెప్పడానికి ఇది పనికొస్తుంది.

గణాంకాల దగ్గర జాగ్రత్త. మీరు ‘9 శాక్‌లు ఇచ్చాడు అనుకుంటే’ అని మొదలుపెట్టారు. శాక్ అంటే బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం. క్వార్టర్‌బ్యాక్ బంతి పట్టుకుని ఎక్కువసేపు నిలబడితే పడే శాక్ ట్యాకిల్ తప్పు కాదు. ప్రశ్నలో ఆటగాడి పేరు లేదు కాబట్టి, ఏం చూడాలనుకుంటున్నారో రాయండి: రెండో సీజన్ చివరి నెలల్లో మెరుగయ్యాడా, ఎదురుగా ఎవరున్నారు, పక్కనుంచి ఎన్నిసార్లు సాయం పంపారు. ఇది తెలిసినవాళ్లే రాయగలరు, మీరు ఐదు రోజుల్లో తెలుసుకోగలరు.

ఇక మీకు చోటుందా అన్న సంగతి. ఉంది, కాని ఇరుకు చోటు. ఎన్ఎఫ్ఎల్ ఏటా నడిపే బిగ్ డేటా బౌల్ పోటీలో ఆటగాళ్ల కదలికల డేటా అందరికీ ఇస్తారు. 2023 పోటీ అంశం పాస్ ఆటల్లో లైన్‌మెన్ పనితీరే. ఆ డేటాతో చిన్న ప్రాజెక్ట్ చేయండి, మీ బీటెక్ అక్కడ అక్కరకొస్తుంది. దానికంటే ముందు ఈ వారమే మీ ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చిన విద్యార్థి వీసా పత్రం) తీసి కోర్సు కోడ్ చూడండి. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు. అంటే చదువయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే పనిచేసే అనుమతి) 12 నెలలే, తర్వాతి 24 నెలల పొడిగింపు ఉండదు. మీ యూనివర్సిటీలో అనలిటిక్స్ వైపు మారే వీలుందేమో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగండి. ఇంటర్న్‌షిప్‌కి జీతం లేకపోయినా సరే, వాళ్లు అనుమతి ఇచ్చేదాకా మొదలుపెట్టవద్దు.

మార్చిన డ్రాఫ్ట్ గడువుకు ఒకరోజు ముందు నాకు పంపండి, చదివి చెబుతాను.