నాత్సుమే కొంటున్నారా? బంగారు పూలు కాదు, ముందు మూత చూడండి

టోక్యోలో టీ క్లాసులో చేరానని, వేలం సైటులో బంగారు పూలున్న నాత్సుమే (మాచా, అంటే పచ్చటి టీ పొడి, పోసి పెట్టుకునే చిన్న మూత డబ్బా) ఒకటి కారుచవకగా కనిపించిందని రాశారు. అది అసలు లక్కదేనా, కొనొచ్చా, కొంటే కడగాలా వద్దా అని కదా మీ ప్రశ్న.

మొదటి నాత్సుమేగా అది వద్దండి. ఏ బొమ్మా లేని నల్లటి చెక్కది, మధ్య సైజుది తీసుకోండి. దాన్ని చూ-నాత్సుమే అంటారు, అడ్డం నిలువు రెండూ సుమారు 7 సెంటీమీటర్లు. నేను వెళ్లేది ఉరాసెంకే పద్ధతి నేర్పే క్లాసు. అక్కడ సామాను రుతువును బట్టి మారుతుంది. చెర్రీ పూలది కొంటే వసంతం దాటాక మళ్లీ ఏడాది దాకా అల్మారాలోనే. నల్లదానికి ఆ బాధ లేదు. 16వ శతాబ్దంలో టీ గురువు సెన్ నో రిక్యూ పేరుతో స్థిరపడిన రూపం కూడా ఆ సాదా నలుపే. మూత తీయగానే లోపల కొండలా పోసిన పచ్చటి మాచా పొడి ఆ నలుపు మీదే బాగా కనపడుతుంది. ఇదంతా పలుచని టీ సంగతి. చిక్కటి టీకి వాడేది కాల్చిన మట్టిది, దాని జోలికి ఇప్పుడే పోకండి.

లక్క అన్నారు కాబట్టి చెప్తున్నా. మన ఏటికొప్పాక బొమ్మల మీద ఉండేది పురుగుల నుంచి వచ్చే లక్క. తిరుగుతున్న చెక్కకి అదిమితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. జపాన్‌లో వాడే ఉరుషి చెట్టు నుంచి తీసే పాలు. మామిడి, జీడిమామిడి, ఆ చెట్టు ఒకే కుటుంబం. మామిడి సొన తగిలి మూతి పొక్కినవాళ్లకి పచ్చి ఉరుషి ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. పూర్తిగా గట్టిపడ్డాక మాత్రం మామూలుగా భయం లేదు. తమాషా ఏంటంటే ఇది ఎండలో పెడితే ఆరదు, తేమ కావాలి. గాలిలో 70-80 శాతం తేమ ఉన్న బీరువాలో ఉంచితే అందులోని ఎంజైమ్ పని చేసి గట్టిపడుతుంది. ఒక పూత, ఆరాక నునుపు చేయడం, మళ్లీ పూత, ఇలా నెలలు పడుతుంది. పైగా పది పదిహేనేళ్లు పెరిగిన చెట్టుకి గాట్లు పెడితే ఒక సీజన్‌లో వచ్చేది 200 గ్రాములో ఏమో, అంతే.

అలాగని చవకగా ఉంటే నకిలీ అనుకోవద్దు. టీ నేర్చుకున్న పెద్దవాళ్ల ఇళ్లు ఖాళీ చేసినప్పుడు నిజమైనవి కూడా తక్కువకే అమ్ముడవుతుంటాయి. అందుకే ధర కాదు, వస్తువు చూడాలి. కొత్తదైతే పని తేలిక, లేబుల్ మీద చెక్క ఏదో, పూత ఏదో రాసి ఉంటుంది. ‘సహజమైన చెక్క, ఉరుషి పూత’ అని ఉంటే సరే. సింథటిక్ రెసిన్ అని ఉంటే ప్లాస్టిక్‌దే, పూత యురెథేన్ అని ఉంటే అది ఉరుషి కాదు. కాష్యూ అనే పెయింటు కూడా ఉంది, అది జీడిగింజ తొక్క నూనెతో చేసేది, మన పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల్లో చేతులు నల్లబరిచే నూనే. చూపుకి అచ్చం ఉరుషిలాగే ఉంటుంది.

పాతదైతే అమ్మేవాళ్లని బంగారు పని దగ్గర్నుంచి తీసిన ఫోటో అడగండి. అసలు మాకియే పనిలో తడి ఉరుషితో బొమ్మ గీసి దాని మీద బంగారు పొడి చల్లుతారు. పెద్దది చేసి చూస్తే గీత ఒకచోట సన్నగా, ఒకచోట లావుగా, కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. ప్రింటు చేసినదాంట్లో ప్రతి రేకూ ఒకే మందం. మీరు పంపిన ఫోటోలో అన్ని రేకులూ ఒకేలా ఉన్నాయి, నాకైతే ప్రింటే అనిపిస్తోంది.

చేతిలోకి తీసుకునే అవకాశం ఉంటే మూత పెట్టి వదిలేయండి. లేత్ మీద బాగా తిప్పి చేసిన చెక్కదైతే మూత టక్కున పడదు, లోపలి గాలి బయటికి పోతున్నకొద్దీ నెమ్మదిగా దిగుతుంది. ఇషికావాలోని యమనాకా పనివాళ్లకి ఈ విషయంలో గొప్ప పేరు. మూత వదులుగా ఊగుతుంటే ఎంత బంగారం ఉన్నా వదిలేయండి.

ఇంట్లో ప్రాక్టీసుకి ప్లాస్టిక్‌ది చాలు, అందులో చిన్నతనం ఏమీ లేదు. మా క్లాసులో కొత్తవాళ్ల చేతికి ఇచ్చేది అదే.

కడగడం మాత్రం వద్దు. మిగిలిన పొడి దులిపి, మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. డిష్‌వాషర్, ఎండ, హీటర్ గాలి, ఇవి మూడూ దానికి పడవు. పట్టుకునేముందు ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి, ఒక్క గీత పడితే నలుపు మీద అదే కనిపిస్తుంది. కొత్తదానికి ఉరుషి వాసన కొన్ని నెలలుంటుంది, అది టీ పొడికి పట్టేస్తుంది. మూత తీసి నీడన గాలికి పెట్టండి. తొందరగా పోవాలంటే జపాన్‌వాళ్లు బియ్యం డబ్బాలో కొన్నాళ్లు పెడతారు.