స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి మెసేజ్ వచ్చిందా? టెక్సస్ తల్లిదండ్రుల సందేహాలు

డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి మీద ఉన్నాయి: స్కూలు నుంచి వచ్చే ఈమెయిళ్లు, ఫారాలు, గడువులు. ఇక్కడి జవాబులు టెక్సస్ చట్టాన్ని బట్టి ఇచ్చినవి. వేరే రాష్ట్రంలో ఉన్నవారికి వయసు, హాజరు, టీకాల లెక్కలు మారతాయి.

ఫ్రిస్కోలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. అడ్రసులో ఫ్రిస్కో అనే ఉంది. కానీ ఫ్రిస్కో ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) వాళ్లు మా బాబును చేర్చుకోబోమన్నారు. ఎందుకని?

ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు వేరు. ఐఎస్‌డీ అంటే నగరపాలికలో ఒక విభాగం కాదండీ. దానికి సొంత ఎన్నికలు, సొంత బోర్డు, సొంత పన్ను ఉంటాయి. ఫ్రిస్కో నగరంలోని కొన్ని ఇళ్లు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ డిస్ట్రిక్టుల్లోకి వస్తాయి. ప్లానో నగరంలో కొంత భాగం ఫ్రిస్కో ఐఎస్‌డీ కిందికి వస్తుంది. లీజు మీద సంతకం పెట్టేముందే డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో ఇంటి నంబరుతో సహా అడ్రసు కొట్టి చూసుకోవాలి. అపార్ట్‌మెంట్ ఆఫీసులో చెప్పే మాటను నమ్ముకోకండి.

సరైన డిస్ట్రిక్ట్ తెలిశాక లీజు కాగితం, కరెంటు లేదా నీళ్ల బిల్లు, పిల్లాడి బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు, పాత స్కూలు మార్కుల కాగితాలు అడుగుతారు. సోషల్ సెక్యూరిటీ నంబరు ఇంకా రాకపోతే స్కూలే ఒక నంబరు కేటాయిస్తుంది. వీసా సంగతి చేర్చుకోవడానికి అడ్డు కాదు. పిల్లల ఇమిగ్రేషన్ స్థితిని కారణంగా చూపి ప్రభుత్వ స్కూలు చదువు నిరాకరించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో తేల్చింది. ఆ కేసు పుట్టింది టెక్సస్‌లోని టైలర్ పట్టణంలోనే. కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండాలి. సెప్టెంబరు 2న పుట్టిన పిల్ల మరుసటి ఏడాది దాకా ఆగాల్సిందే.

హైదరాబాద్‌లో టీకాలన్నీ వేయించాం. కార్డు చూపిస్తే స్కూలు నర్సు సగం చెల్లవంటున్నారు.

ఇండియా నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. మీరు వేయించకపోవడం వల్ల వచ్చిన చిక్కు కాదిది. రెండు దేశాల షెడ్యూళ్లు వేరు.

కిండర్‌గార్టెన్‌కు టెక్సస్ అడిగేవి ఇవి: డీటీఏపీ (కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకా) అయిదు డోసులు (నాలుగోది నాలుగో పుట్టినరోజు నాడో ఆ తర్వాతో పడితే నాలుగు చాలు), పోలియో నాలుగు (నాలుగో పుట్టినరోజు నాడో ఆ తర్వాతో ఒకటి పడితే మూడు చాలు), ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా) రెండు, హెపటైటిస్ బి మూడు, హెపటైటిస్ ఎ రెండు, చికెన్‌పాక్స్ రెండు. ఏడో తరగతిలో చేరేవాళ్లకు టీడాప్ (డీటీఏపీ రోగాలకే పెద్ద పిల్లలకు వేసేది) ఒకటి, మెనింజోకాకల్ (మెదడు పొరల వాపు టీకా) ఒకటి అదనం.

తేడా వచ్చేది ముఖ్యంగా తట్టు టీకా దగ్గర. మన దగ్గర తొమ్మిదో నెలలో మొదటి డోసు వేస్తారు. టెక్సస్‌లో ఎంఎంఆర్ మొదటి డోసు ఏడాది నిండాక పడితేనే లెక్క. నాలుగు రోజుల వెసులుబాటు మాత్రం ఉంది. కాబట్టి తొమ్మిదో నెల డోసు ఇక్కడ ఎగిరిపోతుంది. పైగా ప్రభుత్వ ఆసుపత్రిలో వేసేది ఎంఆర్ టీకా. అందులో తట్టు, రుబెల్లా ఉంటాయి, గవదబిళ్లల భాగం ఉండదు. రెండు ఎంఆర్ డోసులున్న పిల్లలకు కూడా ఇక్కడ ఎంఎంఆర్ వేస్తామనడం అందుకే.

పోలియో చుక్కలది ఇంకో కథ. 2016 ఏప్రిల్ నుంచి వాడుతున్న చుక్కల మందు మూడు రకాల వైరస్‌ల మీద పనిచేసేది కాదు. అందుకని అమెరికా టీకా నియమాల్లో ఆ తేదీ తర్వాత వేసిన చుక్కలు లెక్కలోకి రావు. సూదిమందుగా పూర్తి మోతాదులో వేసిన ఐపీవీ డోసులు లెక్కకొస్తాయి. ప్రైవేటు డాక్టరు ఆరు రోగాలకు కలిపి వేసిన ఇంజెక్షన్‌లో ఐపీవీ ఉంటుంది. ప్రభుత్వ పెంటావేలెంట్‌లో (అయిదు రోగాల టీకా) పోలియో ఉండదు. కార్డు మీద ఏ పేరు రాశారో చూసి చెప్పండి. ఇక చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఎ మన ప్రభుత్వ షెడ్యూల్లోనే లేవు. ప్రైవేటులో అడిగి వేయించుకున్నవాళ్లకే ఉంటాయి.

కార్డు రాసిన తీరు కూడా తగవు పెడుతుంది. 05/08/2021 అని ఉంటే మనకు ఆగస్టు 5, వీళ్లకు మే 8. ఒక్క తేదీ అటూ ఇటూ అయితే పుట్టినరోజుకు ముందో తర్వాతో తేలక డోసు చెల్లకుండా పోతుంది. ఇండియాలో ఉండగానే పిల్లల డాక్టరు దగ్గర ఒక తెల్లకాగితం మీద టీకా పూర్తి పేరు, నెల పేరు అక్షరాల్లో, సంతకం, ముద్రతో ఇంగ్లిషులో రాయించుకుని రండి. డాక్టరు లేదా ఆరోగ్య సిబ్బంది సంతకమో ముద్రో లేని కార్డును ఇక్కడ ఒప్పుకోరు.

ఒక్కో టీకాకు కనీసం ఒక్క డోసు పడి ఉంటే, మిగతావి సమయానికి వేయించుకునే షరతు మీద పిల్లను తాత్కాలికంగా చేర్చుకుంటారు. హెపటైటిస్ ఎ రెండు డోసుల మధ్య ఆరు నెలలు ఆగాలి కాబట్టి అది ఎలాగూ ఒక్క వారంలో అయ్యే పని కాదు. నర్సు ఇచ్చిన తేదీ దాటితే మాత్రం పిల్లను ఇంటికి పంపిస్తారు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ రెండూ ఒకే రోజు వేయించండి. లేదంటే వాటి మధ్య 28 రోజులు ఆగాలి. మళ్లీ సూది వద్దనుకుంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, చికెన్‌పాక్స్, హెపటైటిస్ ఎ, బిలకు రక్తపరీక్షలో రోగనిరోధక శక్తి ఉన్నట్టు తేలిన రిపోర్టు ఇవ్వొచ్చు. కంపెనీ ఇన్సూరెన్స్ ఇంకా మొదలు కాకపోతే టెక్సస్ వ్యాక్సీన్స్ ఫర్ చిల్డ్రన్ పథకంలో ఉన్న క్లినిక్ ఎక్కడుందో కౌంటీ ఆరోగ్యశాఖను అడగండి. అక్కడ మందుకు డబ్బు తీసుకోరు, వేసినందుకు చిన్న రుసుము ఉండొచ్చు.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారంలో అడిగారు. తెలుగు అని రాస్తే పిల్లాడిని వెనకబడిన క్లాసులో వేస్తారని స్నేహితులు భయపెడుతున్నారు.

నిజమే రాయండి. ఇంగ్లిషు కాక వేరే భాష రాస్తే పిల్లాడికి ఇంగ్లిషు పరీక్ష పెడతారు. బాగా వస్తే అక్కడితో అయిపోతుంది. రాకపోతే ఇంగ్లిషులో అదనపు సాయం దొరుకుతుంది. మీ సమ్మతి లేకుండా ఆ కార్యక్రమంలో పెట్టరు. వద్దంటే మానుకోవచ్చు, కానీ ఇంగ్లిషు ఎంతవరకు వచ్చిందో చూడటానికి ఏటా జరిగే టెల్పాస్ పరీక్ష మాత్రం తప్పదు. ఒకసారి ఇచ్చిన జవాబు మార్చాలంటే పరీక్ష ఇంకా జరగకముందు, చేరిన రెండు వారాల్లోపే అడగాలి.

స్నేహితులు చెప్పని లాభం ఒకటుంది. సెప్టెంబరు 1 నాటికి నాలుగేళ్లు నిండి, ఇంగ్లిషు మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని పిల్లలకు ప్రభుత్వ ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి) ఉచితం. ఆ కారణం కింద ఆదాయం లెక్క చూడరు. ప్రైవేటు డేకేర్‌కు నెలనెలా పెద్ద మొత్తం కడుతూ ఈ సంగతి తెలియని తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి.

జనవరిలో సంక్రాంతికి ఇండియా వెళ్లి అయిదు వారాలుందామనుకుంటున్నాం. ముందే చెప్పి సెలవు పెడితే సరిపోతుందా?

చెప్పడం మంచిదే, కానీ చెప్పినంత మాత్రాన అది ఎక్స్‌క్యూజ్డ్ (స్కూలు ఒప్పుకున్న గైర్హాజరు) కాదు. టెక్సస్ చట్టంలో రాసి ఉన్న మినహాయింపుల్లో మతపరమైన పండుగ ఉంది, పౌరసత్వ ప్రమాణం ఉంది, డాక్టరు అపాయింట్‌మెంట్ ఉంది. కుటుంబ ప్రయాణం లేదు. పండుగ రోజుతోపాటు వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు ఇస్తారు. పండుగ పేరు, తేదీ రాసి తల్లో తండ్రో సంతకం చేసిన చీటీ ఇస్తే ఆ రోజులు హాజరుగానే చూస్తారు. సంక్రాంతి, ఉగాది, దీపావళి దేనికైనా ఇదే పద్ధతి. కానీ అయిదు వారాలను పండుగ అనలేం కదా.

అక్కడినుంచి రెండు లెక్కలు మొదలవుతాయి. మొదటిది అకారణ గైర్హాజరు: నాలుగు వారాల్లో మూడు రోజులు మానితే హెచ్చరిక ఉత్తరం వస్తుంది. ఆరు నెలల్లో పది రోజులు లేదా అంతకన్నా ఎక్కువ మానితే వ్యవహారం కోర్టుదాకా పోయే వీలుంది. తల్లిదండ్రుల మీద పడే జరిమానా మొదటిసారి 100 డాలర్ల వరకు. కిండర్‌గార్టెన్ పిల్లలకు ఈ చట్టం వర్తించదనుకోవడం పొరపాటు. ఒకసారి చేర్చాక ఆరేళ్లు నిండకపోయినా వర్తిస్తుంది.

రెండోది 90 శాతం నిబంధన. క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే క్రెడిట్ (కోర్సు పూర్తయినట్టు గుర్తింపు) ఇవ్వరు, పై తరగతికి వెళ్లడానికీ అడ్డొస్తుంది. హైస్కూల్లో ఇది సెమిస్టర్‌వారీగా కోర్సుకు కోర్సుకూ చూస్తారు. సెమిస్టరుకు సుమారు 85 రోజులనుకుంటే తొమ్మిదో రోజు మానేసరికే గీత దాటతారు. హాజరు 75 శాతానికీ 90 శాతానికీ మధ్య ఉంటే ప్రిన్సిపల్ ఒప్పుకున్న ప్రణాళిక ప్రకారం పని పూర్తిచేసి క్రెడిట్ తెచ్చుకోవచ్చు. అంతకన్నా తగ్గితే అటెండెన్స్ కమిటీ ముందు కూర్చోవాలి.

అయిదు వారాలు తప్పనిసరైతే స్కూల్లో పేరు తీయించి, వచ్చాక మళ్లీ చేర్చడమే నయం. తీయించేముందు రిజిస్ట్రార్‌ను రెండు ప్రశ్నలు అడగండి: ఇదే స్కూల్లో చోటు ఉంటుందా, ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన సీటయితే పోతుందా? హైస్కూలు పిల్లలకు మాత్రం ఈ పని చెయ్యొద్దు. సెమిస్టర్ మధ్యలో తీసేస్తే సగం చదివిన కోర్సులు చేతికి రావు. వాళ్లకు వేసవే మేలు. చాలా డిస్ట్రిక్టులు ఆగస్టు రెండో వారానికే తెరుస్తాయి కాబట్టి తిరుగు టికెట్ కొనేముందు క్యాలెండర్ చూడండి.

డాక్టరు సంగతి కూడా చెప్పాలి. అదే రోజు పిల్లాడు స్కూలుకు వస్తే, లేదా కొంతసేపు ఉండి వెళ్తే, డాక్టరు చీటీతో ఆ రోజు పూర్తి హాజరు. పళ్ల డాక్టరు అపాయింట్‌మెంట్ అని రోజంతా మాన్పించకండి.

పిల్లలకు ఫోన్ వద్దంటున్నారు. అత్యవసరమైతే ఎలా?

2025లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం బడి వేళల్లో సొంత ఫోన్, స్మార్ట్ వాచ్, ట్యాబ్ వాడకూడదు. వైద్య అవసరం ఉన్నట్టు డాక్టరు రాసిస్తే, ప్రత్యేక విద్యా ప్రణాళికలో ఉంటే మినహాయింపు ఉంది. మిగతావారు ఫ్రంట్ ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు పిల్లలకూ బట్టీ పట్టించండి. అలాగే పేరెంట్ పోర్టల్లో మీ నంబరు ఇండియాదో, పాతదో ఉందేమో చూసుకోండి. మంచు పడిన తెల్లవారుజామున స్కూలు మూసేశారనే మెసేజ్ ఆ నంబరుకే వస్తుంది.

మంచుకు పోయిన రోజులు మళ్లీ పెట్టారు. పక్క డిస్ట్రిక్టులో పెట్టలేదు. ఎందుకు?

చట్టం లెక్కేది రోజులు కాదు, నిమిషాలు. ఏడాదికి 75,600 నిమిషాలు ఉండాలి. రోజూ కొన్ని నిమిషాలు ఎక్కువ నడిపి నిల్వ ఉంచుకున్న డిస్ట్రిక్ట్ మంచు రోజులను అందులోంచి తీసుకుంటుంది. నిల్వ లేని డిస్ట్రిక్ట్ సెలవుల్లో కోత పెడుతుంది.

బాండ్ (స్కూళ్ల కోసం తెచ్చే అప్పు) ఎన్నికలో ఒప్పుకుంటే పన్ను పెరగదని డిస్ట్రిక్ట్ అంటోంది. బ్యాలెట్ మీద మాత్రం ఆస్తిపన్ను పెంపు అని రాసి ఉంది. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. రేటు మారినా మారకపోయినా ప్రతి స్కూలు బాండ్ బ్యాలెట్ మీద ఆ వాక్యం ఉండాలని 2019లో చట్టం చేశారు. రేటు అదే ఉన్నా కొత్త అప్పు కొత్త అప్పే. చూడాల్సింది దేనికి తెస్తున్నారన్నది. బాండ్ డబ్బుతో భవనాలు, బస్సులు, కంప్యూటర్లు కొంటారు. టీచర్ల జీతాలకు అది వాడకూడదు.

ఓటు పౌరులకే. కానీ సొంతింట్లో ఉంటే హోమ్‌స్టెడ్ మినహాయింపుకు (ఇంటి విలువలో కొంత భాగం మీద పన్ను పడకుండా చూసేది) పౌరసత్వం అక్కర్లేదు. 2025 నవంబరు ఓటింగు తర్వాత స్కూలు పన్నుకు అది 1,40,000 డాలర్లు. ఉదాహరణకు ఇంటి విలువ 5,00,000, రేటు వంద డాలర్లకు ఒక డాలరు అనుకుంటే, 3,60,000 మీద 3,600 కడతారు. మినహాయింపు లేకపోతే 5,000. డ్రైవింగ్ లైసెన్స్ మీద అదే ఇంటి అడ్రసు ఉండాలి. దరఖాస్తు ఇవ్వాల్సింది ఇళ్ల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్టుకు. రుసుము లేదు, కాబట్టి రుసుము అడుగుతూ పోస్టులో వచ్చే ఉత్తరాలు చెత్తబుట్టలో వేయండి.

స్కూలు మూసేస్తారంటున్నారు. అమ్మకు ఇంగ్లిషు రాదు. మీటింగులో మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు. పిల్లల సంఖ్య తగ్గుతోందని ప్లానో ఐఎస్‌డీ బోర్డు 2024లో నాలుగు స్కూళ్ల మూసివేతకు ఓటు వేసింది. ఇలాంటివి రాత్రికి రాత్రి జరగవు, అజెండాలోకి ముందే వస్తాయి. ఇప్పుడు మీటింగు నోటీసు కనీసం మూడు పనిదినాల ముందు పెట్టాలి. అజెండాలో ఉన్న అంశం మీద, బోర్డు ఓటు వేసేలోపే ప్రజలను మాట్లాడనివ్వాలి. పేరు నమోదుకు డిస్ట్రిక్టే గడువు పెడుతుంది, నోటీసులో చూడండి. మీ అమ్మగారు తెలుగులో చెబుతుంటే మీరు అనువదించవచ్చు. అందరికీ మూడు నిమిషాలిస్తే, అప్పటికప్పుడు వినిపించే అనువాద పరికరాలు లేనిచోట ఆమెకు ఆరు నిమిషాలు ఇవ్వాలి. ఆ హక్కు రాష్ట్ర చట్టంలోనే ఉంది. పేరు రాయించేటప్పుడే అనువాదం ద్వారా మాట్లాడతారని చెప్పండి.