నేను ఫోన్ చేసేదాకా ఆగు

చిట్టీ,

మీ నాన్న పాత కంప్యూటర్ అమ్మేస్తున్నావనీ, అందులోని ఫోటోలూ వీడియోలూ డీవీడీల్లోకి ఎక్కిస్తున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మంచి డిస్కులు కొను. చెరిపి మళ్లీ రాసే ఆర్‌డబ్ల్యూ రకం వద్దు. 4.7 జీబీ అని పైన ఉన్నా కంప్యూటర్ 4.38 అనే చూపిస్తుంది, కంగారు పడకు. స్పీడు తగ్గించి రైట్ చెయ్యి.

ఇక అసలు సంగతి. 2004లో తెనాలిలో నా డీటీపీ సెంటర్ గుర్తుందా? కుర్చీ ఎక్కి మౌసు లాగేదానివి. అమ్మమ్మ పాడిన మంగళహారతుల కేసెట్‌ను అప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తర్వాత టేపు నలిగి తెగిపోయింది. 52 స్పీడులో సీడీ కొట్టాను, మూడు నిమిషాల్లో ట్రే బయటికొచ్చింది. పనైపోయిందనుకున్నాను. ఒక్క పాటైనా పెట్టి వినలేదే! హార్డ్‌డిస్కులో జాగా లేదని అదే సాయంత్రం ఆ ఫైళ్లు చెరిపేశాను. పైగా ముచ్చటపడి ‘అమ్మ పాటలు’ అని ప్రింటు తీసి స్టిక్కరు అంటించాను.

అమ్మమ్మ పోయిన పదో రోజున అందరికీ వినిపిద్దామని తీస్తే స్టిక్కరు అంచు ఉబ్బి లేచి ఉంది. గోటితో పట్టి లాగాను. కాగితంతో పాటే వెండి పూత ఊడొచ్చింది. డిస్కు ఎత్తి పట్టుకుంటే అవతల మీ అమ్మ మొహం కనబడింది. సీడీలో పాటంతా ఆ పూతను ఆనుకునే ఉంటుందనీ, దానిమీద కాపలా ఒక పల్చటి వార్నిష్ పొరేననీ ఆ రోజుకి గాని తెలియలేదు నాకు. డీవీడీలో ఆ పూత రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, కాస్త నయం. అయినా స్టిక్కరు అంటించావో ఊరుకోను! డిస్కు తిరిగేటప్పుడు ఊగుతుంది. బాల్‌పెన్నూ వద్దు. నడిమధ్య అద్దంలా ఉండే చోట మార్కర్‌తో తేదీ రాయి, చాలు.

రైట్ చేశాక వెరిఫై పెట్టు. ఆ తర్వాత వేరే కంప్యూటర్‌లో వేసి చూడు. మీ నాన్న నీకు సైకిల్ నేర్పిన వీడియో ఉందిగా, అది చివరిదాకా చూడు తల్లీ. ఏడుపొస్తే ఏడు, మధ్యలో మాత్రం ఆపకు.

అన్నీ రెండేసి కాపీలు తియ్యి. నీ కాపీ ఎండ తగలకుండా బీరువాలో నిలువుగా పెట్టు, ఏడాదికోసారి తీసి చూడు. రెండోది నాకు పంపు. నా ల్యాప్‌టాప్‌కు తగిలించుకునే డీవీడీ డ్రైవు నిన్ననే కొనితెచ్చాను. అన్నీ తెరుచుకున్నాయని నేను ఫోన్ చేసేదాకా ఆ కంప్యూటర్ ఎవరి చేతికీ ఇవ్వకు.

మీ మావయ్య