డీఎస్ఎల్ఆర్‌కి మెమరీ కార్డు: ఏ నంబరు చూసి కొనాలి?

కార్డు మీద పెద్దక్షరాల్లో ఉండే 170, 200 లాంటి అంకెలు చూసి కొనేయొద్దు. అది సాధారణంగా రీడ్ స్పీడు, అంటే ఫొటోలు కంప్యూటర్‌లోకి కాపీ అయ్యే వేగం. ఫొటో తీసేటప్పుడు మీకు కావాల్సింది రైట్ స్పీడు, అంటే ఫొటోలు కార్డులోకి ఎక్కే వేగం. వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 ఎంబీ ఆగకుండా రాయగలదని హామీ.

24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కో రా ఫైలు (జేపెగ్‌గా మార్చకుండా కెమెరా దాచే అసలు ఫొటో) దాదాపు 30 ఎంబీ ఉంటుంది. పరిగెడుతున్న పిల్లాణ్ని బర్స్ట్‌లో (ఆగకుండా వరసగా) పది ఫొటోలు తీశారనుకోండి, 300 ఎంబీ. 30 ఎంబీ వేగంతో అదంతా కార్డులోకి ఎక్కడానికి పది సెకన్లు. ఈలోగా బఫర్ (ఫొటోలు కార్డులోకి ఎక్కేలోపు ఉండే కెమెరా మెమరీ) నిండితే ఫొటోలు తీసే వేగం తగ్గిపోతుంది, మంచి క్షణం కాస్తా చేజారిపోతుంది. కార్డు పక్కనుండే లైటు వెలుగుతున్నంతసేపూ కార్డు తీయకండి, ఫైళ్లు పాడవ్వొచ్చు.

జేపెగ్‌లు (కుదించిన చిన్న ఫైళ్లు) మాత్రమే తీసేవాళ్లకి ఇంత టెన్షన్ అక్కర్లేదు.

యూహెచ్ఎస్-2 అనే ఇంకా వేగమైన రకం కార్డుకి వెనకాల రెండో వరస పిన్నులు ఉంటాయి. మీ కెమెరా స్లాటులో అవి లేకపోతే కార్డు పనిచేస్తుంది కానీ పాత వేగంతోనే. డబ్బు దండగ. పాత కెమెరాలైతే 32 జీబీ దాటిన కార్డును అసలు తీసుకోకపోవచ్చు, మాన్యువల్ చూడండి.

నేనైతే ఒక 128 జీబీ బదులు రెండు 64 జీబీలు కొంటాను. ఒకటి పోయినా సగం ఫొటోలైనా మిగులుతాయి. కొత్త కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేసి వాడండి.