నేల ఉసిరి ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు

పర్లాకిమిడి

అమ్మాయీ,

ప్రాజెక్టుకి నేల ఉసిరి తీసుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి మొక్కే, కానీ తిప్పలు పెడుతుంది. మన వైపు వానలు పడగానే చేలగట్ల మీద అదీ, ఎర్ర ఉసిరీ కలిసే మొలుస్తాయి. పీకేవాళ్లు రెంటినీ ఒకే కట్టలో కట్టేస్తారు. సంతలో కట్ట కొని నేరుగా హెచ్‌పీఎల్‌సీకి (సారంలోని పదార్థాలని విడగొట్టి కొలిచే యంత్రానికి) పంపావంటే, గ్రాఫులో ఏ పీక్ ఏ మొక్కదో ఎవరూ చెప్పలేరు.

ముందు భూతద్దం తియ్యి. నేల ఉసిరి కాయ నున్నగా ఉండి చిన్న కాడకి వేలాడుతుంది. ఎర్ర ఉసిరి కాయకి కాడ ఉన్నట్టే ఉండదు, పైన బొడిపెలుంటాయి. కాయ నలిపి గింజ చూస్తే ఇంకా తేలిక: మొదటిదానికి గీతలు నిలువుగా, రెండోదానికి అడ్డంగా ఉంటాయి. ఇలా పోల్చుకున్న మొక్కల్లో ఒకదాన్ని హెర్బేరియం షీటుకి (ఆనవాలుగా మొక్కని అతికించి దాచే అట్టకి) ఉంచి, మిగతావి నీడలో ఆరబెట్టు.

ఆకు, కాడ విడివిడిగా పొడి చెయ్యి. నేల ఉసిరిని పట్టిచ్చే ఫిలాంథిన్ అనే పదార్థం ఎక్కువగా ఆకులోనే ఉంటుంది. పొడిలో కాడలు ఎక్కువై అది తగ్గితే, జాతే వేరని రాసేసే మహానుభావులున్నారు!

టీఎల్‌సీకి (ప్లేటు మీద సారం చుక్క పెట్టి, ద్రావకంతో నడిపి పదార్థాలని మచ్చలుగా విడగొట్టే పద్ధతికి) హెక్సేన్, టొలుయీన్, ఇథైల్ అసిటేట్ 2:2:1 పాళ్లలో కలిపి చూడు. తర్వాత వనిల్లిన్-సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి వేడి చేస్తే మచ్చలు తేలతాయి. స్టాండర్డ్ (శుద్ధమైన ఫిలాంథిన్), నువ్వు పోల్చుకున్న రెండు మొక్కలు, సంత సరుకు, నాలుగూ ఒకే ప్లేటు మీద పక్కపక్కనే పెట్టాలి. వానాకాలం గాలి చెమ్మకి మచ్చ కిందికీ పైకీ జరుగుతుంది, నిన్నటి ప్లేటుతో ఇవాళ్టిది పోల్చి టెన్షన్ పడకు.

గాలిక్ ఆమ్లం, కోరిలాజిన్ అనే పదార్థాలు రెండు మొక్కల్లోనూ ఉంటాయి, వాటితో తేడా తేలదు. ఫిలాంథిన్ మచ్చ కనిపించిందంటే సరుకులో నేల ఉసిరి ఉండొచ్చనే అర్థం. ఇంకేదీ కలవలేదని కాదు. అందుకే ఎర్ర ఉసిరి వరసలో ఉన్న మచ్చలు సంత సరుకులో కూడా ఉన్నాయేమో వెతుకు. తక్కువ పాళ్లలో కలిస్తే మసకగా ఉంటాయి, ఇంకాస్త చిక్కటి చుక్క పెట్టి మళ్లీ నడుపు. హెచ్‌పీఎల్‌సీ సంగతి ఆ తర్వాతే, ఎంత ఉందో లెక్క కట్టడానికి.

చవితి సెలవులకి వస్తే మహేంద్రగిరి దారిలో మొక్కలు చూపిస్తాను. ప్లాస్టిక్ కవర్లు తేకు, బూజు పడుతుంది. పాత న్యూస్‌పేపర్లు ఇక్కడే ఉన్నాయి.

మావయ్య