హైదరాబాద్‌లో ఎంబీఏ చేశాను. డిజిటల్ రిటైల్ మీద యూరప్ డాక్టోరల్ నెట్‌వర్క్‌లో పీహెచ్‌డీకి వెళ్లడం మంచిదేనా?

వెళ్లండి. కానీ ఇంటర్వ్యూ చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు చూడండి, అప్పుడు మొహమాటపడకుండా ఒక్కటి అడగండి: "డేటా ఇస్తానన్న కంపెనీ సంతకం పెట్టిందా?" నేను అడగలేదు.

2022లో యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ స్కీమ్ కింద ఒక నెట్‌వర్క్‌లో చేరాను. కొన్ని దేశాల యూనివర్సిటీలు, కంపెనీలు కలిసి మాలాంటి వాళ్లను తీసుకుంటాయి. ఎవరి టాపిక్ వాళ్లది, మధ్య మధ్యలో శిక్షణ వారాలకు అందరం ఒకచోట కలుస్తాం. అది స్టైపెండ్ కాదు, ఉద్యోగం. జీవన భత్యం నెలకు 3,400 యూరోలని కాగితంలో చూసి మా బాబాయి దాన్ని రూపాయల్లోకి మార్చి చుట్టాలందరికీ చెప్పేశాడు. దేశాన్ని బట్టి ఆ అంకె మారుతుందనీ, యజమాని కట్టాల్సినవి కూడా అందులోంచే పోతాయనీ చెబితే వినేదెవరు? అయినా ఇక్కడ నెలకు 37,000 రూపాయల జేఆర్ఎఫ్ ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ నెట్టుకొస్తున్న ఫ్రెండ్స్ ముందు నేను మహారాణినే.

మూడు నెలలు ఒక సూపర్‌మార్కెట్ కంపెనీకి పంపారు. సెల్ఫ్ చెకౌట్‌లో, అంటే మెషీన్ దగ్గర మన బిల్లు మనమే చేసుకునే చోట, జనం సగంలో వదిలేసే బిల్లులు నా టాపిక్. ధర చూసి వదిలేస్తారని నా సిద్ధాంతం. దేనివల్ల ఏది జరుగుతుందో చూపిస్తూ దానికి పన్నెండు బాణాలతో బొమ్మ కూడా గీసుకున్నాను. తీరా వెళ్తే జీడీపీఆర్ (వ్యక్తిగత డేటాను కాపాడే యూరప్ చట్టం) అని వాళ్ల లాయర్లు డేటా ఇవ్వలేదు. మెడలో విజిటర్ కార్డు, కాఫీ మెషీన్ పక్కన కుర్చీ.

విసుగొచ్చి ఒకరోజు స్టోర్‌లోకి పోయి నిలబడ్డాను. ఒక ముసలావిడ ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డసంచి మెషీన్ పక్కనున్న పలక మీద పెట్టింది. పలక మీది బరువు, స్కాన్ చేసిన వస్తువు బరువు సరిపోవాలి. సంచి బరువు లెక్కలో లేదు కదా, ఎర్ర లైటు వెలిగింది. స్టోర్ కుర్రాడొచ్చి కార్డు పెట్టి సరిచేసి పోయాడు. పాలు పెట్టింది, సంచి జారితే సర్దింది, మళ్లీ ఎర్ర లైటు. మూడోసారి కుర్రాడు రాలేదు. నన్ను స్టోర్ మనిషి అనుకుందేమో, నావైపు చూసింది. ఆ భాష నాకు అంతంతమాత్రం. పాలు, బ్రెడ్డు, టమాటాలు ఒక్కొక్కటే బయటికి తీసి పెట్టి, సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మాకు మలక్‌పేటలో కిరాణా కొట్టుంది. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "సంచి తెచ్చుకున్నదంటే కొననీకే వచ్చినట్టు. రేటు చూసి పోయెటోళ్లు చేతులూపుకుంట వస్తరు," అన్నాడు. నా బాణాల్లో సగం అక్కడే పోయాయి.

తొమ్మిది నెలలకు డేటా వచ్చింది. అలాంటి బిల్లులన్నీ "రద్దు" అని ఉన్నాయి, కారణం గడి ఖాళీ. శిక్షణ వారంలో ఈ సంగతి చెబితే, ఇంకో దేశంలో ఉన్న తోటి రీసెర్చర్ "మా స్టోర్లలో ఆ తూకం తీసేశారు" అంది. తూకం ఉన్న చోట, లేని చోట పోల్చి చూడొచ్చని అప్పుడు తట్టింది. ఒంటరిగా చేసుంటే నాకు ఆ అధ్యాయమే లేదు. ఇక్కడ మనవాళ్లేమో గూగుల్ ఫామ్ పంపి, 300 మంది క్లాస్‌మేట్స్‌తో నింపించి "హైదరాబాద్ వినియోగదారుల ప్రవర్తన" అని పేరు పెడతారు. నేనూ ఎంబీఏలో అదే చేశాను లెండి.

ఇంకోటి. సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు డబ్బు కట్టకండి. ఈ పోస్టులన్నీ యూరాక్సెస్ సైట్‌లో ఉచితంగానే కనిపిస్తాయి. చేరడానికి ముందు 36 నెలల్లో 12 నెలలకు మించి ఏ దేశంలో ఉన్నారో ఆ దేశపు పోస్టుకు పనికిరారు. అక్కడే మాస్టర్స్ చేస్తే పీహెచ్‌డీ సులువని వెళ్లిన నా ఫ్రెండ్‌కి ఇది ఆలస్యంగా తెలిసింది. చివరికి పక్క దేశంలో పోస్టుకు అప్లై చేసుకుంది.

నాకిచ్చింది 36 నెలలు. అందులో తొమ్మిది ఆ సంతకానికే పోయాయి. ఆ గడువు అయిపోయాక చివరి ఐదు నెలలు జీతం లేకుండా మలక్‌పేటలో కొట్టు పైగదిలో కూర్చుని థీసిస్ రాశాను, కింద సౌండ్ బాక్స్ నిమిషానికోసారి డబ్బులొచ్చాయని అరుస్తుంటే.